వ్యాన్‌ల పెట్టుకపోయే గ్రిల్: గ్యాసా, బొగ్గా, వెల్డింగ్ షాపుల చేయించుడా?

పాలమూరు_బండి
ట్రావెలర్‌ల రెండు బెడ్లు, చిన్న కిచెన్ పెట్టించిన బండి. నలుగురైదుగురం. పోయేది సోమశిల, జూరాల, సాగర్ వెనుక నీళ్ల దిక్కు, అప్పుడప్పుడు శ్రీశైలం రోడ్డు. గ్రిల్ కావాలె. 1) గ్యాసా, బొగ్గా, కరెంటా? 2) వెనక డోర్ కాడ జాగ 50 సెంటీమీటర్లు పొడుగు, 30 వెడల్పు, 25 ఎత్తు. అందుల పట్టాలె. 3) నీళ్లు తక్కువున్న కాడ కడుగుడెట్ల? 4) చేప అంటుకోకుండ లేవాలంటే ఎసొంటి జాలి? తెలిసినోళ్లు చెప్పండ్రి.

నీలగిరి_రోడ్లు
కరెంటు మాట ముందుగల్ల తీసేయి అన్నా. 1500 వాట్ల గ్రిల్ అంటే ఇన్వర్టర్ నష్టం కలుపుకొని 12 వోల్టుల బ్యాటరీ నుంచి దగ్గరదగ్గర 140 ఆంపియర్లు లాగుతది. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీ ముప్పావు గంటల ఖాళీ. లెడ్ బ్యాటరీ అయితే సగానికంటే కిందికి దించొద్దు, ఇరవై నిమిషాలు గూడ రాదు. అంత కరెంటుకు సన్న వైరు వేస్తే వైరే గ్రిల్ అయితది. రిసార్ట్‌ల 15 ఆంపియర్ల ప్లగ్ దొరికిన కాడ తప్ప దాని జోలికి పోకు.

కృష్ణ_ఒడ్డు
క్యాసెట్ స్టౌ (పక్క అరలో చిన్న గ్యాస్ డబ్బా పెట్టి వెలిగించేది) తీసుకోండి, పైన పోత ఇనుము గ్రిల్ ప్లేట్ పెట్టుకోండి. సూట్‌కేస్ లాంటి పెట్టెలో పెట్టొచ్చు. బూటేన్ డబ్బా 220 గ్రాములు. స్టౌ 2.2 కిలోవాట్లయితే ఫుల్ మంట మీద గంటకు 170 గ్రాముల పైన కాలుతుంది, అంటే డబ్బా గంటా పావు వస్తుంది. ఐదుగురికి ఒక పూటకు రెండు డబ్బాలు. బూడిద లేదు, పొగ లేదు. బొగ్గు రాజేసే అర్ధగంటలో సగం వంట అయిపోతుంది.

వెల్డింగ్_కాడ
కృష్ణ ఒడ్డు గారు అసలు ముచ్చట చెప్పకుండ పోయిండ్రు. ప్లేట్ పెద్దగుండి డబ్బా ఉన్న అరను గూడ కప్పుతే, ప్లేట్ వేడి తిరిగి డబ్బా మీదికే కొడతది. డబ్బాలు పేలేది గట్లనే. ప్లేట్ బర్నర్ చుట్టు ఉన్న కాళ్లను దాటి డబ్బా దిక్కు రావద్దు. రెండు స్టౌలు ఆనించి పైన ఒక్కటే పెద్ద పెనం పెట్టుడు అయితే అసలే వద్దు. గాలికి అడ్డమని చుట్టూత రేకు కట్టేటోళ్లు గూడ ఉన్నరు, అదీ అంతే. అడ్డం పెట్టాలంటే గాలి వచ్చే దిక్కు ఒక్కటే, మూరెడు దూరంల.

ఇంగ ఎండకాలం పాలమూరుల తాళం వేసిన బండిల డబ్బాలు పెట్టి పోతరు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటది. మూసిన బండి లోపల అంతకంటే ఎక్కువ అయితది. నీడకు, కింద పెట్టె అడుగున పెట్టాలె.

కృష్ణ_ఒడ్డు
నేను ప్లేట్ అన్నాను, బండరాయి అనలేదు. స్టౌతో పాటు వచ్చే 30 సెంటీమీటర్ల ప్లేట్ డబ్బా మీదికి రాదు.

ఖిల్లా_ఘణపురం
డిసెంబర్ల తెల్లారుజామున ఆ స్టౌ మంట సన్నగైతది, ఎవ్వరు చెప్పరు. బూటేన్ మరిగేది సున్నా డిగ్రీల దగ్గర. మనకాడ అంత చలి లేదు గని, గ్యాస్ ఆవిరైతున్న కొద్ది డబ్బా తనంతట తానే సల్లబడతది, సగం అయినంక ప్రెషర్ తగ్గుతది. మంట మీద డబ్బాను వేడి చేయొద్దు. ఆర్పి, డబ్బా మార్చి, సల్లది పక్కన పెడితే కాసేపటికి మళ్ల మామూలైతది. ఐదు కిలోల సిలిండర్‌కు ఈ లొల్లి లేదు. అదే 2.2 కిలోవాట్ల బర్నర్‌కు దగ్గరదగ్గర 29 గంటలు వస్తది. నెలకు రెండు మార్లు పోయేటోళ్లకు సిలిండరే.

నీలగిరి_రోడ్లు
సిలిండర్ అయితే నిలువుగనే ఉండాలె, బెల్టుతో కట్టాలె. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, బండి ఫ్లోర్ మీద కూసుంటది. కింద ఫ్రిజ్ రిలే (లోపలి స్విచ్) టక్కుమని నిప్పురవ్వ లేచినా చాలు, అంటుకుంటది. పైపు సురక్ష హోస్ వాడండి, మీద ప్రింటైన తారీకు చూడండి, ఐదేండ్లకు మార్చాలె. పెట్టిన ప్రతిసారి సబ్బు నురుగు పూసి జాయింట్లు చూడాలె. అగ్గిపుల్లతో చూసే మహానుభావులు గూడ ఉన్నరు.

మిర్యాలగూడ_పొలం
గ్యాస్ మీద కాల్చిన కోడికి బొగ్గు రుచి వస్తదా? ఇంట్ల పెనం మీద చేసుకున్నట్లే. స్టీల్ బొగ్గు గ్రిల్ కొను, అయస్కాంతం పెట్టి చూడు, అంటితే డూప్లికేట్, అంటకపోతే 304 (మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీల్). అంతే పని.

వెల్డింగ్_కాడ
ఏందన్నా, ఇంక ఈ అయస్కాంతం ముచ్చటేనా. 202 స్టీల్‌కు గూడ అయస్కాంతం అంటదు. నికెల్ తగ్గించి మాంగనీస్ ఎక్కువ కలిపింది 202. తుప్పు తొందరగ పడతది, గని అయస్కాంతానికి మాత్రం 304 లెక్కనే ఉంటది. అదే 430 అయితే అయస్కాంతం గట్టిగ అంటతది, అయినా అది స్టెయిన్‌లెస్సే. గట్ల చూసి కొంటే 202ను 304 ధరకు అంటగడతరు. షాపుల చుక్క మందు వేసి 9 వోల్టుల బ్యాటరీ ఆనిస్తరు. 200 సిరీస్ అయితే చుక్క ఎర్రగ తిరుగుతది. అది అడుగు.

మిర్యాలగూడ_పొలం
ఇంట్ల మా గిన్నెలన్నీ అయస్కాంతంతోనే చూసి కొన్నం, ఒక్కటి తుప్పు పట్టలే.

వెల్డింగ్_కాడ
గిన్నెను రోజూ కడిగి తుడుస్తవు. గ్రిల్‌ను ఉప్పు మసాలా, నిమ్మరసం, బూడిదతోని మూటగట్టి నెల రోజులు బండిల పడేస్తవు. తడి బూడిద ఉంటే 304 మీద గూడ మచ్చలు పడతయి. ఇరవై ఏండ్ల చేతిపని చెప్తున్న.

మిర్యాలగూడ_పొలం
ఇరవై ఏండ్లు చేస్తే అందరికంటే గొప్పనా? 304 అయినా వంచిన కాడ అయస్కాంతం అంటతదని నేను గూడ చూసిన. మరి అది డూప్లికేటా?

వెల్డింగ్_కాడ
అదే కద నేను మొత్తుకునేది! వంచిన కాడ కొద్దిగ అంటతది, అసలుదే అయినా. అందుకే అయస్కాంతం సాక్ష్యం చెల్లదు. నా మాట నా నోట్లనే పెడుతున్నవు.

ఖిల్లా_ఘణపురం
జాలి గురించి అడిగిండు కద. కోళ్ల షెడ్డుకు వాడే జీఐ జాలి కత్తిరించి గ్రిల్ మీద పెట్టేటోళ్లను చూస్తం. ఆ మెరుపు జింకు పూత. నిప్పుల మీద కాలితే జింకు పొగ లేస్తది, పీలిస్తే జ్వరం వచ్చినట్లు వణుకు. జింకు 419 డిగ్రీలకే కరుగుతది, ఎర్రటి బొగ్గు అంతకంటే ఎక్కువ. దాన్ని తిండి దగ్గరికి రానీయొద్దు. 6 మిల్లీమీటర్ల ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రాడ్లు వెల్డ్ చేసుకునుడే.

అచ్చంపేట_అడవి
అందరూ గ్రిల్ గురించే. శ్రీశైలం రోడ్డు అన్నాడు కదా, అక్కడ ఎక్కడ పెడతాడు? మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటినాక అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను లోపలికి విడువరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో సెక్షన్ 30 ఉంది, అభయారణ్యానికి ప్రమాదం అయ్యేటట్లు నిప్పు రాజేయడం, మండుతున్న నిప్పు వదిలిపోవడం నేరం. గ్రిల్ కాళ్ల మీద ఉంది, కింద నేల తగలలేదు అనే వాదన ఎండాకులకు తెలియదు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా నల్లమలలో ఒక్క నిప్పురవ్వ చాలు. మల్లెల తీర్థం కాడ గ్రిల్ అని కలలు కనొద్దు. సోమశిల, జూరాల, సాగర్ కాడ ఊరి జాగలో, అడిగి పెట్టుకోవాలె.

కృష్ణ_ఒడ్డు
గ్యాస్ స్టౌకు నిప్పురవ్వ రాదు కదా?

అచ్చంపేట_అడవి
స్టౌ కింద ఎండు గడ్డి ఉంటే వేడి చాలు. అడవిలో రెండూ వద్దు అని చెబుతున్నాను, ఎందుకు సందులు వెతుకుతారు?

పాలమూరు_బండి
అన్నలారా, అడవిల పెట్ట. ఒప్పుకున్న. గని నా మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న ఎవ్వరు చూడలే.

నీలగిరి_రోడ్లు
బొగ్గుకు పోతే సర్కారు తుమ్మ బొగ్గు మంచిది, గట్టిగుంటది, వేడి ఎక్కువ. బస్తా తడిగుంటే మాత్రం చిటపట ఎగురుతది, బట్టలకు తూట్లు. ముందురోజు ఎండల ఆరబెట్టి డబ్బాల పోసి పెట్టుకోవాలె. కిలో మాంసానికి కిలో బొగ్గు లెక్క, గాలి ఎక్కువుంటే ఒకటింబావు. కొబ్బరి చిప్పల బొగ్గు ఇటుకలు రాజుకునుడు ఆలస్యం, గని గంటకు పైన ఒక్క తీరుగ కాలుతది. హుక్కా బొగ్గులని చక్కగ వెలిగే బిళ్లలు అమ్ముతరు, అందుల వెలిగేటందుకు సురేకారం కలుపుతరు, కూరకు పనికిరావు.

రాజేసుడుకు కిరోసిన్, పెట్రోల్ వద్దు. పెట్రోల్ ఆవిరి అంటుకుంటే మీసాలు, కనుబొమ్మలు పోతయి, మాంసం కంపు కొడతది. గొట్టం పొయ్యి చేయించుకో: 15 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు ఇనుప పైపు, కింద నుంచి 8 సెంటీమీటర్ల కాడ జాలి, దాని కింద చుట్టూ తూట్లు. అడుగున నూనె పూసిన కాగితం, కొబ్బరి పీచు, పైన బొగ్గు. 15 నుంచి 20 నిమిషాలల్ల మీది బొగ్గు అంచులు తెల్లబడతయి, అప్పుడు కుమ్మరించాలె. ఊదుడు, విసురుడు లేదు.

మిర్యాలగూడ_పొలం
మా దిక్కు చాటతోనే విసురుతరు, అంతకంటే ఏం కావాలె.

ఖిల్లా_ఘణపురం
ఒక ముఖ్యమైన ముచ్చట. వాన పడ్డదని, చలి అని, గ్రిల్‌ను వ్యాన్ లోపలికి గాని, డోర్ మూసిన టెంట్‌లకు గాని తేవద్దు. ఎర్రమంట లేకున్నా, బూడిద కప్పిన బొగ్గు నుంచి గూడ కార్బన్ మోనాక్సైడ్ వస్తది. వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మత్తు అనుకొని పండుకుంటే లేవరు. ఆరిందనుకున్న గ్రిల్‌ను గూడ బెడ్ల కింద పెట్టొద్దు. బండికి మూడు మీటర్ల దూరం, టార్పాలిన్ కింద కాదు, పక్కన.

కృష్ణ_ఒడ్డు
చేప నేను చెబుతాను. దేవరకొండ దిక్కు వైజాగ్ కాలనీల, జూరాల డ్యాం కాడ చేప మంచిగ దొరుకుతుంది, కానీ జాలి మీద తొంబై శాతం మంది పాడు చేస్తారు. ఎందుకంటే తడి చేప, చల్లటి జాలి. మాంసంలోని ప్రొటీన్ ఇనుముకు పట్టుకుంటుంది, కాలి పొర కట్టాకే విడుస్తుంది. అందుకే: చేపను బట్టతో తుడవాలి, ఎముక దాకా గాట్లు పెట్టాలి, ఉప్పు పసుపు పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, ఊరిన నీళ్లు మళ్ల తుడవాలి. తర్వాత కారం, అల్లం వెల్లుల్లి, రెండు చెంచాల బియ్యప్పిండి, నూనె కలిపి రాయాలి. జాలి బాగా వేడెక్కినాక పెట్టి నాలుగైదు నిమిషాలు కదపొద్దు. అంచు తనంతట తాను లేస్తే తిప్పాలి. లేవకపోతే ఇంకో నిమిషం. గరిటెతో గీకితే తోలు జాలికి, మాంసం చేతికి.

అన్నిటికంటే మేలు, రెండు పలకల మడత జాలిలో చేపను బిగించి తిప్పుకోవడం. కొర్రమీనుకు ముళ్లు తక్కువ, మాంసం గట్టి, ముక్క విరగదు. రవ్వ చేపకు సన్న ముళ్లు ఎక్కువ, కాల్చినాక ఏరుకుంటూ కూర్చోవాలి. జిలేబి (తిలాపియా) అయితే నిండు చేపనే వేయాలి.

మిర్యాలగూడ_పొలం
జిలేబికి నీసు వాసన. ఎవ్వరు తింటరు.

కృష్ణ_ఒడ్డు
మొప్పలు, పొట్ట లోపలి నల్ల పొర తీయకుండ చేసేటోళ్లకు నీసు వాసన.

వెల్డింగ్_కాడ
పాలమూరు అన్నా, నీ జాగకు లెక్క చెప్త. బొగ్గు గ్రిల్ డబ్బా 45 పొడుగు, 25 వెడల్పు, 15 ఎత్తు. 1.6 మిల్లీమీటర్ల రేకు వేస్తే డబ్బా ఒక్కటే 4 కిలోలు. 1.2 అయితే 3 కిలోలు, గని ఏడాదిల అడుగు వంకర పోతది. 3 మిల్లీమీటర్లు వేయమనేటోడు ఏడున్నర కిలోలు నీతో మోయిస్తడు. మూత వేసినా, కాళ్లు లోపలికి మడిచినా 25 ఎత్తుల పడతది. అడుగు నుంచి 3 సెంటీమీటర్లు లేపి బొగ్గు జాలి, కింద బూడిద పడాలె. పక్కలకు కింది వరుసల 10 మిల్లీమీటర్ల తూట్లు, ఒక్కో దిక్కు పన్నెండు. బొగ్గుకు మీది జాలికి 8 నుంచి 10 సెంటీమీటర్లు. అంతకంటే తక్కువైతే మీద మాడుతది, లోపల పచ్చి. కోడి మధ్యల 74 డిగ్రీలు రావాలె, చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే కండ్లతో చూసి అంచనా వేసే పని లేదు. సగం డబ్బాకే బొగ్గు నింపి సగం ఖాళీ ఉంచు, కొవ్వు కారి మంట లేస్తే ముక్కలను అటు జరపొచ్చు.

ఖిల్లా_ఘణపురం
మటన్‌కు పచ్చి బొప్పాయి వేసేటోళ్లు, కిలోకు ఒక చెంచా ముద్ద, రెండు గంటలు. రాత్రంత ఊరబెడితే చువ్వ మీద నిలువదు, కీమా అయితది. బండిల ఐస్ పెట్టె ఉంటేనే ఊరబెట్టుకపోండ్రి, 5 డిగ్రీల కంటే వేడి ఉండొద్దు. చక్కెర, తేనె ఉంటే చివరల రాయాలె.

అచ్చంపేట_అడవి
కడగడం గురించి రెండుసార్లు అడిగాడు. జాలి వేడిగ ఉన్నప్పుడే సగం కోసిన ఉల్లిగడ్డను ఫోర్కుకు గుచ్చి రాయాలి, అంటుకున్నది ఊడుతుంది. మొండిది ఉంటే అల్యూమినియం కాగితం ఉండ చుట్టి పటకారుతో పట్టుకొని రుద్దాలి. ఇనుప బ్రష్ వాడితే తెగిన పోగు జాలిలో ఇరుక్కొని ముక్కలోకి వస్తుంది, గొంతులో గుచ్చుకుంటుంది. చల్లారినాక నూనె బట్ట. రెండు గ్లాసుల నీళ్లు కూడా పట్టవు. సబ్బుతో కడిగేది ఇంటికి పోయినాక.

బొగ్గు మీద నీళ్లు నేరుగా వేడి డబ్బాలో పోయొద్దు, రేకు వంకర పోతుంది, ఆవిరి చేతులు కాల్చుతుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి, కొంచెం కొంచెం నీళ్లు చల్లి, కలుపుతూ, చేయి వెనుక భాగం దగ్గర పెట్టి చూసి, ఇంకా వేడి తగిలితే మళ్లీ నీళ్లు. తెల్లారి మీద బూడిద, లోపల నిప్పు ఉంటుంది. ఆ డబ్బాను తీసుకొనే పోవాలి, ఒడ్డున పారబోయొద్దు.

పాలమూరు_బండి
చానా సంతోషం అన్నలారా. నిర్ణయం: 1.6 రేకు డబ్బా, పైన ఎస్ఎస్ రాడ్లు, ఒక మడత జాలి, వాన పడ్డప్పటికి క్యాసెట్ స్టౌ. వెల్డింగ్ అన్నా, రాడ్ల నడుమ సందు 15 మిల్లీమీటర్లు చాలా?

వెల్డింగ్_కాడ
15 పెడితే కోడి రెక్క కిందికి జారుతది. 10. రాడ్లు పొడుగు దిక్కు కాదు, వెడల్పు దిక్కు వేయించు, 25 సెంటీమీటర్ల రాడ్డు వంగదు. ఒక అంచు 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచితే జాలి లేపకుండానే బొగ్గు వేయొచ్చు.

మిర్యాలగూడ_పొలం
304 రాడ్లే అడుగు. చుక్క మందు వేయించుకో.

వెల్డింగ్_కాడ
గిప్పుడు దారికొచ్చినవ్ అన్నా.