జాక్ జాన్సన్ నుంచి జో లూయీ వరకు 22 ఏళ్ల అంతరం ఎందుకు వచ్చింది?

ప్రశ్న:
1915 ఏప్రిల్ 5న హవానాలో జెస్ విల్లార్డ్ చేతిలో 26వ రౌండులో ఓడి, తొలి నల్లజాతి చాంపియన్ జాక్ జాన్సన్ బాక్సింగ్ హెవీవెయిట్ (అత్యధిక బరువు విభాగం) టైటిల్ పోగొట్టుకున్నాడు. 1937 జూన్ 22న షికాగోలో జో లూయీ రింగులోకి దిగేవరకు మరే నల్లజాతి బాక్సరుకూ ఆ టైటిల్ కోసం పోటీపడే అవకాశమే దక్కలేదు. అయితే ఆ మధ్యకాలంలోనే, 1926లో, నల్లజాతి బాక్సర్ టైగర్ ఫ్లవర్స్ హ్యారీ గ్రెబ్‌ను ఓడించి మిడిల్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. మరో నల్లజాతి బాక్సర్ జో గాన్స్ అంతకు చాలా ముందే లైట్‌వెయిట్ విభాగాన్ని ఏలాడు. ఈ అడ్డు ప్రత్యేకంగా హెవీవెయిట్‌కే ఎందుకు వచ్చింది? అలాంటి నిబంధన ఏదైనా ఉండేదా?

మొదటి జవాబు:
రాతలో నిబంధన ఏదీ లేదు, దాని అవసరమూ రాలేదు. ఎవరితో తలపడాలో చాంపియనే నిర్ణయించుకునే రోజులవి. 1880ల నాటి తెల్లజాతి చాంపియన్ జాన్ ఎల్. సల్లివన్ నల్లవారితో పోటీకి దిగనని బాహాటంగానే చెప్పి నల్లజాతి బాక్సర్ పీటర్ జాక్సన్‌ను దూరం పెట్టాడు. తరువాతి తెల్లజాతి చాంపియన్ జిమ్ జెఫ్రీస్ అదే జాక్సన్‌ను 1898లో ఓడించినవాడే అయినా, టైటిల్ చేతికి వచ్చాక జాన్సన్‌తో పోటీకి ఒప్పుకోలేదు. హెవీవెయిట్ చాంపియన్ అంటే లోకంలోకెల్లా బలవంతుడని జనం నమ్మేవారు కాబట్టి, ఆ పీఠం మీద నల్లవాడు కూర్చోవడం చాలామంది తెల్లవారికి మింగుడుపడలేదు. 1908లో సిడ్నీలో అప్పటి చాంపియన్ టామీ బర్న్స్‌ను జాన్సన్ చిత్తుగా కొడుతుంటే 14వ రౌండులో పోలీసులు పోటీ ఆపించారు. అక్కడికి విలేఖరిగా వెళ్లిన రచయిత జాక్ లండన్, అప్పటికే రిటైరైన జెఫ్రీస్ తిరిగి రావాలని పత్రికలో పిలుపునిచ్చాడు. జెఫ్రీస్ వచ్చాడు, 1910 జులై 4న రీనోలో 15వ రౌండులో కూలాడు. ఆ ఫలితంతో అమెరికా అంతటా అల్లర్లు చెలరేగాయి, ప్రాణాలు పోయాయి. 1912లో అమెరికా కాంగ్రెస్ బాక్సింగ్ పోటీల ఫిల్ములను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడాన్నే నిషేధించింది. ఆ చట్టం 1940 దాకా నిలిచింది.

రెండవ జవాబు:
పై వివరణలో ఒక ముఖ్యమైన మనిషి తప్పిపోయాడు. రీనో పోటీని ఏర్పాటు చేసి, తానే రిఫరీగా నిలిచిన టెక్స్ రికర్డే 1920ల్లో హెవీవెయిట్ చాంపియన్ జాక్ డెంప్సీ పోటీలకు ప్రమోటరు. డెంప్సీకి సరైన ప్రత్యర్థి నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్ అని పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి, ఒప్పందాల మీద సంతకాలూ జరిగాయి, పోటీ మాత్రం జరగలేదు. చివరికి న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ విల్స్‌తో తలపడాల్సిందేనని పట్టుబడితే, 1926 సెప్టెంబరులో తెల్లజాతి బాక్సర్ జీన్ టనీతో డెంప్సీ పోటీని ఫిలడెల్ఫియాకు తరలించారు. అక్కడ లక్షకు పైగా జనం టికెట్లు కొన్నారు. విల్స్ లేకుండానే అంత రాబడి వస్తున్నప్పుడు మరో రీనోను కొనితెచ్చుకోవడానికి ఏ ప్రమోటరు ముందుకు వస్తాడు? డెంప్సీ భయపడ్డాడన్న వాదన నాకు అంతగా నచ్చదు. లెక్కలు చూసుకున్నది ప్రమోటరే.

ప్రశ్న వేసినవారు:
మరి జాన్సన్ చాంపియన్‌గా ఉన్న ఆరేళ్ల పైచిలుకు కాలంలో శామ్ లాంగ్‌ఫర్డ్, జో జెనెట్ వంటి నల్లజాతి బాక్సర్లకు అవకాశం ఎందుకు రాలేదు?

మూడవ జవాబు:
అక్కడా డబ్బే. తెల్లవాడితో పోటీ అయితే జనం విరగబడతారు, నల్లవారిద్దరి మధ్య పోటీకి రారు అన్నది అప్పటి వ్యాపార లెక్క. పైగా లాంగ్‌ఫర్డ్‌ను 1906లోనే ఓడించినా, తరువాత అతడు ఎంత ప్రమాదకారిగా ఎదిగాడో జాన్సన్‌కు తెలియకుండా ఉండదు. చాంపియన్‌గా జాన్సన్ తలపడిన ఏకైక నల్లజాతి బాక్సర్ జిమ్ జాన్సన్. 1913 డిసెంబరులో ప్యారిస్‌లో జరిగిన ఆ పోటీ డ్రాగా ముగిసింది. తనకు ఎదురైన తలుపునే జాన్సన్ తనవారి మీద మూశాడని నేను అంటాను, అందుకు అతడిని సమర్థించలేను.

1937లో తలుపు తెరుచుకోవడమూ న్యాయబుద్ధితో జరగలేదు. అంతకు ఏడాది ముందు లూయీని 12వ రౌండులో నాకౌట్ చేసిన మాక్స్ ష్మెలింగ్‌కే అప్పటి చాంపియన్ జిమ్ బ్రాడాక్‌తో పోటీకి ముందు ఒప్పందం ఉంది. ఆ జర్మన్ గెలిస్తే టైటిల్ నాజీల దేశానికి పోతుందన్న భయం ఒకవైపు, ప్రమోటర్ మైక్ జేకబ్స్ తన హెవీవెయిట్ పోటీల లాభంలో పదేళ్లపాటు 10 శాతం ఇస్తానన్న బేరం మరోవైపు బ్రాడాక్ పక్షాన్ని లూయీ వైపు తిప్పాయి. ఎనిమిదవ రౌండులో లూయీ గెలిచాడు. ష్మెలింగ్‌కు అవకాశం 1938లో గాని రాలేదు. ఆ పోటీని లూయీ 124 సెకన్లలో గెలిచి ముగించాడు.