అప్‌డేట్: ‘తాడు తెగింది’ అంటాం, మరి ‘తలుపు తట్టింది’ అనం ఎందుకని?

నేనడిగింది ఇదీ: ‘వాడు తాడు తెంచాడు’లో వాణ్ణి తీసేసి ‘తాడు తెగింది’ అనొచ్చు. ‘వాడు తలుపు తట్టాడు’ని అలా మార్చలేం. ఎందుకు?

జవాబిచ్చినవాళ్లు భాషాశాస్త్రవేత్త ఛార్లెస్ ఫిల్‌మోర్ 1970లో కొట్టడం, పగలగొట్టడం మీద రాసిన వ్యాసం చూడమన్నారు. సారాంశం: స్థితి మార్పును చెప్పే క్రియలు వేరు, తాకిడిని మాత్రమే చెప్పేవి వేరు; చేసేవాణ్ణి తీసేయగలిగేది మొదటి రకంలోనే. తట్టినా తలుపు తలుపులాగే ఉంటుంది. మరో భాషాశాస్త్రవేత్త బెత్ లెవిన్ 1993లో 3,000కు పైగా ఇంగ్లీషు క్రియలను, వాక్యాన్ని ఇలా మార్చగలమా లేదా అన్నలాంటి ఆధారాలతోనే వర్గాలు చేశారు.

తెలుగులో సరిచూద్దామని కూర్చుంటే ‘కోయు’ దగ్గర ఆగిపోయాను. తాడు కోసినా రెండు ముక్కలవుతుంది, స్థితి మారినట్టే కదా! కానీ ‘తాడు కోసింది’ అంటే తాడే దేన్నో కోసిందని అర్థం. నాకు తోచిన కారణం: తెంచడం ఎలా జరిగినా తెంచడమే, లాగినా కొరికినా సరే. కోయడానికి మాత్రం పదునైనదేదో ఉండి తీరాలి. అంటే పని జరిగిన తీరు క్రియ అర్థంలోనే ఉంది, కాబట్టి చేసేవాణ్ణి తప్పించలేం. విరుచు–విరుగు, వంచు–వంగు, చించు–చిరుగు జంటలున్నాయి. నరుకు, చెక్కు, గిల్లు, రుద్దులకు లేవు. ఇది చూశాక నిజంగా ఒళ్లు పులకరించింది.

తేలనిది ఇంకొకటుంది. ‘నాకు తెలుసు’, ‘నాకు కోపం వచ్చింది’ల్లో ‘నాకు’ ఎందుకు? కావాలని చేసే పని కాదు కనుక అందామంటే, ‘నేను జారిపడ్డాను’ అడ్డొస్తోంది. దీని సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.