కంచిని గైడ్ వెంట మూడు గంటల్లో చుట్టి రావడం సబబేనా?

పెన్నాతీరం:
నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి కంచికి ఒక్కరోజు వ్యాన్లు కట్టుకుని పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరి పథకమూ దాదాపు ఒకటే. తెల్లారి బయలుదేరడం, కంచిలో గైడ్‌ని ఎక్కించుకోవడం, మూడు గంటల్లో ఐదు గుళ్ళు, ఒక పట్టుచీరల కొట్టు, భోజనం, తిరుగుముఖం. ఐదు గుళ్ళంటే కామాక్షి, ఏకాంబరేశ్వరుడు, వరదరాజస్వామి, కైలాసనాథుడు, వైకుంఠ పెరుమాళ్. ఇది ఊరు చూసినట్టేనా? గైడ్ అవసరమా, దండగ ఖర్చా? తెలిసినవాళ్ళు లెక్కలతో చెప్పండి. "బాగుంటుంది, పోయిరండి" అనేది జవాబు కాదు.

హైవే పదహారు:
అన్నా, గుళ్ళ సంగతికి ముందు గడియారం చూడాల. నెల్లూరు నుంచి కంచికి ఏ దారిన పోయినా రెండువందల కిలోమీటర్లు దాటుద్ది. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుత్తణి, అరక్కోణం మీదుగా ఒక దారి. తడ దాటినాక మద్రాసు ఊళ్ళోకి పోకుండా మీంజూరు-వండలూరు ఔటర్ రింగు రోడ్డు ఎక్కి నజరత్‌పేట దగ్గర బెంగళూరు హైవేలో కలిసేది ఇంకోటి. రెండోది చుట్టే గానీ రోడ్డు బాగుంటది. శ్రీపెరుంబుదూరు కాడ ఫ్యాక్టరీల షిఫ్టు మారే వేళకు చిక్కితే మాత్రం అరగంట పోయినట్టే. టీకి, టిఫినుకి ఆగేదంతా కలిపి నాలుగున్నర గంటలు వేసుకోండి.

పెద్ద గుళ్ళు పన్నెండు, పన్నెండున్నర మధ్య మూస్తారు. మళ్ళీ తీసేది సాయంత్రం నాలుక్కి. వ్యాను అయిదున్నరకు కదిలితే పదికి చేరుద్ది, అంటే చేతిలో ఉండేది 120 నిమిషాలు. బండి నిలపను, చెప్పులు వదలను, పెద్దోళ్ళు దిగి ఎక్కను, పక్క గుడికి చేరను, గుడికి పదిహేను నిమిషాలకు తగ్గదు. ఐదు గుళ్ళకు 75 పోతే మిగిలేది 45. గుడికి తొమ్మిది నిమిషాలు! అంతలో ఎంత మంచి గైడ్ అయినా ఏం చెప్పగలడు? తెల్లవారుజామున రెండున్నరకు కదిలితే ఏడుకల్లా అక్కడుంటారు, ఐదు గంటలు దక్కుద్ది. నా మటుకు నేను ఎవరికైనా చెప్పేది ఇదే: బయలుదేరే టైము మార్చుకోలేకపోతే గైడ్‌కి డబ్బులివ్వబాకండి.

మూలాపేట మాస్టారు:
లెక్క సరిగ్గా ఉంది. కానీ దాని నుంచి "గైడ్ వద్దు" అని తేల్చకూడదు, "ఐదు గుళ్ళు వద్దు" అని తేల్చాలి. కంచిలో గైడ్ లేకపోతే నిజంగా నష్టపోయే గుళ్ళు రెండే: కైలాసనాథం, వైకుంఠ పెరుమాళ్. మిగతా మూడింట్లో క్యూ ఎటు తీసుకుపోతే అటు పోతాం. అక్కడ గైడ్ మాట వినపడదు, నిలబడి చూపించే చోటూ ఉండదు.

కైలాసనాథం పల్లవ రెండో నరసింహవర్మ కట్టించింది. ఆయన్నే రాజసింహుడంటారు. ఎనిమిదో శతాబ్దం మొదటి పాదం. అడుగు వరసలు నల్లరాయి, పైదంతా ఇసుకరాయి. ఇసుకరాయి తేమకు పొరలు పొరలుగా రాలుతుంది. అందుకే తరవాతి కాలాల్లో సున్నపు గచ్చు పూసి బొమ్మల్ని సరిదిద్దారు. ఇప్పుడు చాలాచోట్ల కనిపించే ముక్కూ మొహమూ ఆ గచ్చువే. గచ్చు ఊడిన చోట లోపల పల్లవుల ఉలి పని బయటపడి ఉంటుంది. ఈ తేడా చూపించేవాడు లేకపోతే మొద్దుబారిన గచ్చు బొమ్మనే పల్లవ శిల్పమనుకుని తిరిగి వచ్చేస్తారు.

ప్రాకారం లోపలి వైపు వరసగా 58 చిన్న గూళ్ళున్నాయి. కొన్నింట్లో పాత వర్ణచిత్రాల జాడలు మిగిలాయి. వాటిని వెతకాలంటే ఎండ నేరుగా పడని గూళ్ళలో, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడాలి. తొమ్మిది నిమిషాల పర్యటనలో అది కుదరదు. అన్నిటికంటే ముఖ్యమైంది మండపంలో ఒక స్తంభం మీద ఉన్న కన్నడ శాసనం. బాదామి చాళుక్య రెండో విక్రమాదిత్యుడు కంచిని గెలిచి కూడా ఊరిని పాడుచేయకుండా, ఈ గుడి ధనాన్ని గుడికే తిరిగి ఇచ్చానని చెక్కించాడు. ఓడిపోయిన పల్లవుల గుడిలో గెలిచిన రాజు మాట! ఆ స్తంభం ఏదో చూపిస్తే చాలు, గైడ్‌కి ఇచ్చిన డబ్బుకు న్యాయం జరిగినట్టే.

వైకుంఠ పెరుమాళ్ రెండో నందివర్మ పల్లవమల్లుడిది. గర్భగుడి చుట్టూ ఉన్న వసారా గోడల మీద బ్రహ్మ నుంచి మొదలుపెట్టి పల్లవ వంశం కథంతా వరసగా చెక్కారు. రాజు వారసుడు లేకుండా పోతే పెద్దలు వెళ్ళి దాయాదుల శాఖ నుంచి పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చి పట్టం కట్టడం కూడా అందులో ఉంది. ఆ పిల్లవాడే ఈ గుడి కట్టించిన నందివర్మ. వరస తెలియకుండా చూస్తే అన్నీ సింహాసనం మీద కూర్చున్న రాజుల బొమ్మలే. మొదటి గుడికి గంటా పావు, రెండోదానికి ముప్పావు గంట, రెండూ కలిపి రెండు గంటలు. గైడ్ పని అంతవరకే పెట్టుకోండి.

జొన్నవాడ దారి:
మాస్టారూ, మీరు చెప్పింది చదువుకున్నోళ్ళకు సరే. వ్యానులో పోయేవాళ్ళలో ముప్పాతిక మంది పోయేది కామాక్షమ్మ దర్శనానికి. మన జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కే ఆడవాళ్ళు కంచి కామాక్షిని చూడకుండా రాజుల బొమ్మలు చూసి రమ్మంటే వస్తారా? పద్మాసనంలో కూర్చున్న అమ్మ ఆమె. ఊళ్ళోని శివాలయాల్లో విడిగా అమ్మవారి సన్నిధి లేకపోవడానికి ఆమే కారణమని చెప్పుకుంటారు. ఆ ఊరికి ఆమే నడుమ.

గైడ్‌లు చెప్పే వాటిల్లో సగం స్థలపురాణం. అది మన ఇంట్లో పెద్దవాళ్ళకే బాగా తెలుసు. ఏకాంబరేశ్వరుడు పృథ్వీలింగం, మట్టి లింగం గనక అభిషేకం లింగానికి చేయరు. ఇది ఎవరైనా చెప్పగలరు. క్యూలో నిలబడి దండం పెట్టుకునే మనిషి చెవిలో గైడ్ గోల ఎందుకు? శుక్రవారం, పౌర్ణమి కామాక్షి గుడిలో గంటన్నర పట్టినా ఓపిగ్గా ఉండాల. అంతే.

మూలాపేట మాస్టారు:
దర్శనం మానమని నేననలేదండీ. ఏడింటికి చేరితే ముందు కామాక్షి దర్శనం, ఎనిమిదిన్నరకు గైడ్‌ని కైలాసనాథం గేటు దగ్గర కలుసుకోవడం. మామూలు రోజైతే హాయిగా కుదురుతుంది. శుక్రవారం కుదరదు.

శిలాలేఖ:
మన జిల్లా వాళ్ళు కంచి పోయి గైడ్‌ని అడగవలసినవి ఎవరూ అడగడం లేదు, అది నా బాధ. పదమూడో శతాబ్దంలో కంచి కొంతకాలం మన నెల్లూరు తెలుగు చోడుల ఏలుబడిలో ఉంది. నెల్లూరు రాజు మనుమసిద్ధి తండ్రి తిక్క భూపాలుడు కంచి దాకా పోయినవాడు. ఆ కాలపు రాజు విజయ గండగోపాలుడి శాసనాలు వరదరాజస్వామి గుడిలోనే ఉన్నాయి. పాత శాసనాల్లో ఆ స్వామి పేరు అరుళాళ పెరుమాళ్. తిక్కన మంత్రిగా ఉన్న రాజ్యానికి, ఈ గుడికి ఇంత దగ్గర సంబంధం.

తరవాత కాకతీయులు. ఏకాంబరేశ్వరుడి గుడిలో గణపతిదేవుడి శాసనం 1249 నాటిది. 1316లో ప్రతాపరుద్రుడి తరఫున కంచి మీదికి నడిచిన ముప్పిడి నాయకుడు అప్పటికి నెల్లూరును పాలిస్తున్నవాడు. ఆయన శాసనం కూడా అరుళాళ పెరుమాళ్ గుడిలోనే. ఇక ఏకాంబరేశ్వరుడి దక్షిణ గోపురం, సుమారు 190 అడుగులది, 1509లో శ్రీకృష్ణదేవరాయలు ఎత్తించింది. మన ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలిచింది దానికి ఐదేళ్ళ తరవాత, 1514లో.

ఇవి చెప్పే గైడ్ దొరికితే మూడు గంటలు కాదు, రోజంతా ఇవ్వొచ్చు. దొరకడం కష్టం. తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది వరదరాజస్వామి గుడి బల్లి, ఏకాంబరేశ్వరుడి గుడి మామిడి చెట్టు, వరదరాజస్వామి కోనేట్లో ఉండే అత్తికొయ్య విగ్రహం అత్తి వరదర్ దగ్గరే ఆగిపోతారు. అందుకని శాసనాల పేర్లు కాగితం మీద రాసుకుని పోయి మీరే అడగండి. రెండు మూడు ప్రశ్నలు పడేసరికి తెలిసిన గైడ్ మాట తీరే మారుతుంది.

జొన్నవాడ దారి:
బల్లి తక్కువదా అన్నా? బంగారు బల్లి, వెండి బల్లి తాకితే దోషం పోతుందని మన ఇళ్ళల్లో ముసలమ్మలు ఎన్నాళ్ళనుంచో అనుకునే మాట. అత్తి వరదర్ అయితే నలభై ఏళ్ళకొకసారి కోనేట్లోంచి పైకి వస్తాడు. 1979లో వచ్చాడు, 2019లో 48 రోజులు ఉన్నాడు, మళ్ళీ 2059లోనే. శాసనాలు గొప్పవే, వీటిని చిన్నచూపు చూడబాకండి.

శిలాలేఖ:
చిన్నచూపు కాదమ్మా. రెండూ చెప్పమంటున్నాను.

వెంకటగిరి మగ్గం:
చీరల కొట్టు మాట ఎవరూ ఎత్తలేదు, అసలు టైము మింగేది అదే. ప్యాకేజీ గైడ్ తీసుకుపోయే కొట్టులో గంట పోతుంది. తెచ్చినవాళ్ళకు కమీషన్ ఉంటే అది మీ బిల్లులోనే కలుస్తుంది. గైడ్‌తో ముందే "కొట్టుకు వద్దు" అని ఖాయం చేసుకోండి. కొనాలనుకుంటే గుళ్ళు మూసిన మధ్యాహ్నం మీరే కో-ఆపరేటివ్ సొసైటీ షాపుకో, మగ్గాలున్న పిళ్ళయార్‌పాళయం వైపుకో పొండి.

ఏం చూడాలంటే: కంచి చీరలో అంచు, ఒడలు వేరే రంగులైతే రెండింటినీ మగ్గం మీదే కలిపి నేస్తారు, దాన్ని కోర్వై అంటారు. మూడు నాడెలు (అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయేవి) కావాలి, పక్కన ఇంకో మనిషి కావాలి. చీర తిరగేసి అంచు కలిసిన చోట చూడండి. పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉండాలి. కుట్టు కనపడితే అది వేరే సరుకు. కొంగు రంగు మారే చోట కలిపే పద్ధతిని పెట్ని అంటారు, అక్కడ అడ్డంగా సన్నని గీతలాంటిది తెలుస్తుంది. జరీ పోగు ఒకటి తీయించి గోటితో గీకితే అసలు జరీలో లోపల ఎర్రటి పట్టు దారం బయటపడుతుంది. తెల్ల దారమో రాగి రంగో వస్తే ధర మళ్ళీ మాట్లాడాల్సిందే. సిల్క్ మార్క్ ముద్ర ఉందంటే పట్టు అసలుదని మాత్రమే అర్థం. జరీకి దానికీ సంబంధం లేదు. మన వెంకటగిరి చీర నేత తెలిసినవాళ్ళు కూడా ఇక్కడ పొరబడతారు.

ఒంగోలు రైలుపేట:
ఇదంతా నెల్లూరు లెక్క. ఒంగోలు నుంచి ఇంకో 120 కిలోమీటర్లు పైన ఉంది. పెద్దవాళ్ళతో ఒక్కరోజులో పోయి రావడం మంచిది కాదు, డ్రైవర్‌కీ మంచిది కాదు. ముందురోజు తిరుపతి దాకా రైల్లో పోయి అక్కడ రాత్రి ఉండండి. తిరుపతి నుంచి కంచి 110 కిలోమీటర్లు, బస్సులున్నాయి. లేదా కంచిలోనే రాత్రి ఉండి సాయంత్రం నాలుగు తరవాత వరదరాజస్వామి, పొద్దున్నే కైలాసనాథం పెట్టుకోండి. కైలాసనాథం తూర్పు ముఖం గుడి, పొద్దుటి ఏటవాలు ఎండకు శిల్పం తేలి కనిపిస్తుంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు రెండు మాటలు. కైలాసనాథుడి గర్భగుడి చుట్టూ ప్రదక్షిణకు సన్నటి దారి ఉంది, దూరేటప్పుడు పాక్కుంటూ పోవాలి. పునర్జన్మ ఉండదని అందరూ దిగుతారు. భారీ మనుషులు, ఆయాసం ఉన్నవాళ్ళు వద్దు. మధ్యలో ఆగితే వెనకవాళ్ళంతా ఇరుక్కుంటారు. వరదరాజస్వామికి మెట్లెక్కాలి, 24 మెట్లు. పదకొండు దాటితే బండలు కాలతాయి, పాత మేజోళ్ళు ఒక జత సంచిలో పెట్టుకోండి. వరదరాజస్వామి గుడి మిగతావాటికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో చిన్న కంచిలో ఉంది, నడిచి పోదామనుకోవద్దు. అక్కడి ప్రసాదం కోవిల్ ఇడ్లీ మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి చేస్తారు. పిల్లలకు కారం అనిపిస్తుంది గానీ దారిలో పాడవదు.

హైవే పదహారు:
మధ్యాహ్నం నాలుగు గంటలు ఖాళీగా కూర్చోకుండా మహాబలిపురం పోతే? 65 కిలోమీటర్లు. అక్కడ మధ్యాహ్నం మూసేది లేదు, సాయంత్రం ఆరుదాకా ఉంటది. సముద్రం ఒడ్డు గుడి కూడా మాస్టారు చెప్పిన రాజసింహుడిదే, పూర్తిగా గట్టిరాయి. పొద్దున ఇసుకరాయి చూసి సాయంత్రం అది చూస్తే తేడా కంటికే తెలుస్తది.

మూలాపేట మాస్టారు:
ఆలోచన మంచిదే, కానీ రాత్రి అక్కడో మద్రాసులోనో ఉండేవాళ్ళకే. అదేరోజు నెల్లూరు చేరాలంటే తెల్లవారుజామున రెండున్నరకు స్టీరింగ్ పట్టిన డ్రైవర్ రాత్రి పదకొండు, పన్నెండు దాకా నడపాలి. అది నేను ఒప్పుకోను.

హైవే పదహారు:
అదీ నిజమే సార్. రెండో డ్రైవర్ లేకుండా వద్దు.

పెన్నాతీరం:
గైడ్‌తో ఫోన్లో ఏం ఖాయం చేసుకోవాలో ఎవరైనా సూటిగా చెప్పండి.

శిలాలేఖ:
ఆరు మాటలు. తెలుగులో చెప్పాలి. కైలాసనాథం, వైకుంఠ పెరుమాళ్ మాత్రమే. రెండు గంటలు. కొట్టుకు తీసుకుపోకూడదు. డబ్బు మనిషికి కాదు, గుంపు మొత్తానికి. టూరిజం శాఖ ఇచ్చిన ఫొటో కార్డు మెడలో ఉండాలి. "రెండు గుళ్ళే ఏంటి, ఐదూ చూపిస్తాను" అని పట్టుబడితే ఇంకొకరిని చూసుకోండి. ఒక గైడ్‌కి పది పన్నెండు మందికి మించితే గూళ్ళ దగ్గర వెనకవాళ్ళకు ఏమీ కనపడదు, వ్యాను నిండా ఉంటే ఇద్దర్ని పెట్టుకోండి.

జొన్నవాడ దారి:
ఏడోది నేను చెప్తా. పోయే రోజు ఏకాదశి అయితే వైకుంఠ పెరుమాళ్‌కి ముందు పోండి. ఆ గుడిలో స్వామి మూడు అంతస్తుల్లో ఉంటాడు, శయనమూర్తి ఉన్న మధ్య అంతస్తు తీసేది ఏకాదశి నాడే. ఆరోజు వసారాలో జనం ఉంటారు, మాస్టారు చెప్పిన రాజుల కథ సాగదు. గైడ్‌ని ఇంకో రోజుకు పెట్టుకోండి.