అప్‌డేట్: నాలా పక్క ప్లాట్ సంగతి

హైదరాబాద్ శివార్లో మా 200 గజాల ప్లాట్ వెనక నాలా (వాననీటి కాలువ) ఉంది, ఎంత వదిలి కట్టాలని అడిగాను కదా. సర్వేయర్‌తో కొలిపించాను. గ్రామ నక్షాలో నాలా వెడల్పు 6 మీటర్లు, కంటికి కనిపించేది మూడే! మిగతాది వెంచర్ వాళ్లు మట్టి పోసి చదును చేసేశారు. అందులో ఒకటిన్నర మీటరు మా ప్లాట్‌లోనే కలిసింది.

2012 నాటి జీవో 168 (భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు) ప్రకారం నాలా వెడల్పు 10 మీటర్ల లోపుంటే 2 మీటర్లు, దాటితే 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకుండా ఖాళీ జాగా) వదలాలి. అదీ నాలా అసలు హద్దు నుంచి, ఇప్పుడున్న గట్టు నుంచి కాదు. నేను అడిగినప్పుడు ఒకరు 30 మీటర్లు వదలాలని టెన్షన్ పెట్టారు. అది 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకట.

మొత్తానికి నాలాది ఒకటిన్నర, బఫర్ రెండు కలిపి వెనక మూడున్నర మీటర్లు వదిలేశాం. ప్లాన్ మళ్లీ గీయిస్తున్నాం. ఇంకుడు గుంత ముందు వైపుకు జరిగింది, మా ఆవిడ అడిగిన వెనక వరండా మాత్రం పోయింది.