డిప్రెషన్ మళ్లీ రాకుండా ఎంబీసీటీ కోర్సు ఎవరైనా చేశారా?

గుంటూరు_కోడలు:
నాకు డిప్రెషన్ మూడుసార్లు వచ్చి తగ్గింది. ఇప్పుడు బాగానే ఉన్నాను, మాత్ర వేసుకుంటున్నాను. కానీ ఒక్క రాత్రి నిద్ర పట్టకపోతే చాలు, మళ్లీ మొదలైందేమోనని ఒకటే టెన్షన్. డాక్టరు గారు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాని మీద ధ్యాస పెట్టడం), కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనల తీరు మీద పనిచేసే చికిత్స) కలిపిన ఎనిమిది వారాల కోర్సు చేయమన్నారు, దాన్నే ఎంబీసీటీ అంటారట. మా అత్తయ్య గారేమో "పొద్దున్నే ధ్యానం చేసుకో, మాత్రలెందుకే" అంటున్నారు. రెండూ ఒకటేనా? మాత్ర మానేయొచ్చా?

లెక్కల_మాస్టారు:
నేను ఆన్‌లైన్లో చేశానమ్మా. మొదటి క్లాసులో ఎండుద్రాక్ష ఒకటి చేతిలో పెట్టుకుని చూడమన్నారు, వాసన చూసి నెమ్మదిగా నమలమన్నారు. చక్రపొంగలిలో గుప్పెళ్లకొద్దీ తినేవాణ్ని, దీనికో క్లాసా అని నవ్వొచ్చింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఓరోజు హెడ్మాస్టరు గారు నా నమస్కారం చూడకుండా వెళ్లిపోయారు. అంతకుముందైతే 'ఆయనకు నేనంటే పడదు, నాకు పాఠం చెప్పడం రాదు, ఎందుకీ బతుకు' అని భోజనం బెల్లు కొట్టేలోపే కుంగిపోయేవాణ్ని. ఆరోజు మెట్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాను. లోపల ఏం నడుస్తోందో చూసుకోవడం, తర్వాత ఊపిరి మీద ధ్యాస, ఆ తర్వాత ఒళ్లంతా. ఆలోచన ఎక్కడికీ పోలేదు. కాకపోతే అది ఆలోచనే తప్ప నా మీద తీర్పు కాదని తెలిసింది. ఏడో పీరియడ్ పాఠం మామూలుగానే చెప్పాను.

ఇంకోటి, నా ముందస్తు లక్షణాలు రాసి బీరువా తలుపు లోపల అంటించాం: గడ్డం గీసుకోకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం, తెల్లవారుజామునే మెలకువ. వీటిలో రెండు కలిసి కనిపిస్తే మా ఆవిడ నన్నడక్కుండానే డాక్టరుకు ఫోన్ చేస్తుంది. ఆ మాట కింద రాసి సంతకం పెట్టింది నేనే. ఉత్త ధ్యానంలో ఈ భాగం ఉండదు.

సైకాలజిస్ట్_వైజాగ్:
మాస్టారు చెప్పింది సరైనదే. సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు దీన్ని తయారుచేసింది ప్రధానంగా మీలా కోలుకున్నవాళ్ల కోసమే. 2000లో వచ్చిన వాళ్ల తొలి అధ్యయనంలో, మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవాళ్లలో మామూలు వైద్యం మాత్రమే అందితే 66 శాతం మందికి తిరగబెట్టగా, ఈ కోర్సు కూడా చేసినవాళ్లలో అది 37 శాతమే.

మాత్రల విషయం: 2015లో బ్రిటన్‌లో 424 మంది మీద చేసిన పరిశోధనలో, కోర్సు చేస్తూ మాత్ర తగ్గించుకున్నవాళ్లలో రెండేళ్లలో 44 శాతం మందికి, మాత్ర కొనసాగించినవాళ్లలో 47 శాతం మందికి తిరగబెట్టింది. అంటే దాదాపు సమానం. వాళ్లు తగ్గించుకున్నది డాక్టరు పర్యవేక్షణలో, మెల్లమెల్లగా. మీ అంతట మీరు ఆపేయకండి. కళ్లు మూసుకుంటే పాత భయాలేవైనా ముంచుకొస్తుంటే ముందే ట్రైనర్‌కు చెప్పండి, కళ్లు తెరిచీ నడుస్తూ కూడా చేయొచ్చు.

గుంటూరు_కోడలు:
చాలా థాంక్సండీ. మాస్టారూ, ఇంట్లో రోజూ ఎంతసేపు చేయాలి? మాకు పిల్లల స్కూల్ బస్సు ఏడున్నరకే.

లెక్కల_మాస్టారు:
కోర్సు నడిచే రోజుల్లో ముప్పావుగంట దాకా అడుగుతారు. పొద్దున పెట్టుకోకు తల్లీ, బస్సు వెళ్లాక కూర్చో. పడుకుని ఒంట్లో ఒక్కో భాగం మీదా ధ్యాస పెట్టే బాడీ స్కాన్ మాత్రం భోజనం తర్వాత వద్దు, గురకే వస్తుంది.