అప్‌డేట్: ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కి చివరికి ఏ ట్రక్ తీసుకున్నానంటే

రెండు నెలల క్రితం అడిగాను: 14,000 పౌండ్ల గరిష్ఠ బరువున్న ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కి (పికప్ ట్రక్ వెనక తొట్టిలోనే తగిలించి లాగే పెద్ద ట్రైలర్) త్రీ క్వార్టర్ టన్ డీజిల్ ట్రక్ (వన్ టన్ కంటే ఒక మెట్టు చిన్న తరగతి) సరిపోతుందా అని. సేల్స్‌మన్ లాగే శక్తి చూపించి సరిపోతుందన్నాడు. మీలో చాలామంది డ్రైవర్ డోర్ దగ్గరి పేలోడ్ స్టిక్కర్, అంటే ట్రక్ తన మీద ఎంత బరువు మోయగలదో రాసి ఉండేది, చూడమన్నారు. ఆ మాటే నన్ను కాపాడింది.

ఫిఫ్త్ వీల్‌లో ట్రైలర్ బరువులో దాదాపు ఐదో వంతు దాని ముందు భాగంలోని పిన్ ద్వారా ట్రక్ మీదే పడుతుంది. నాకైతే 2,800 పౌండ్లు. ట్రైలర్‌ని తగిలించే హిచ్ 200, మా నలుగురం, సామాను కలిపి 600. మొత్తం 3,600. ఆ ట్రక్ స్టిక్కర్ మీద ఉన్నది 2,300! లాగగలదు కానీ మోయలేదు.

అందుకే 3,900 పేలోడ్ ఉన్న వన్ టన్ తీసుకున్నాను, వెనక ఒక్కో వైపు ఒక్క టైరే. ట్రక్ గరిష్ఠ బరువు 11,500, ట్రైలర్‌తో కలిపి 25,500. 26,000 దాటలేదు కాబట్టి ఇక్కడ టెక్సస్‌లో నా మామూలు క్లాస్ సి లైసెన్స్ చాలు.

ట్రక్ బెడ్ (వెనక తొట్టి) ఆరున్నర అడుగులే. బాగా మలుపు తిప్పితే ట్రైలర్ మూల క్యాబిన్ అద్దానికి తగులుతుందని టెన్షన్ పడి స్లైడింగ్ హిచ్ వేయించాను. బాగా తిరగాల్సిన మలుపుకి ముందు దిగి ఆ హిచ్‌ని వెనక్కి జరపాలి. మా ఆవిడే గుర్తుచేస్తోంది.

నిన్న పిల్లలతో, సామానుతో ట్రక్ స్టాప్‌లో తూకం వేయించాను. వెనక యాక్సిల్ పరిమితిలోనే ఉంది. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండి.