డాక్టర్ పి. శివారెడ్డి గారి కంటి క్యాంపులు: మీ ఇంట్లో ఎవరైనా చేయించుకున్నారా?

కేసీ_కెనాల్:
కర్నూలు జిల్లాలో పుట్టి, హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ పెరుగు శివారెడ్డి (1920–2005) గురించి వెతుకుతున్నా. పద్మశ్రీ 1971, పద్మభూషణ్ 1977, అయిదొందలకు పైగా కంటి క్యాంపులు, రెండున్నర లక్షల శుక్లం ఆపరేషన్లు. ఎక్కడ చూసినా ఈ నాలుగు ముక్కలే. ఆ క్యాంపుల్లో పడుకున్నవాళ్ళ మాట ఎక్కడా లేదు. ఆ తరం వాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, మీ ఇళ్ళలో విన్నది ఏదైనా ఉంటే రాయండి, చిన్నదైనా పర్లేదు.

పాలమూరోణ్ణి:
మా నాయనమ్మ చేయించుకుంది. ఊళ్ళో దండోరా వేశారట, ఫలానా రోజు హైస్కూల్లో కంటి డాక్టర్లు వస్తారని. బెంచీలన్నీ బయట పడేసి క్లాసురూముల్లో చాపలు పరిచారు. టార్చిలైటు వేసి చూడటం, ఏ కంటికి చేయాలో ఆ కనుబొమ్మ మీద ప్లాస్టరు ముక్క అంటించడం. ఆపరేషన్ అయ్యాక కట్టు కట్టి కదలొద్దన్నారు, దగ్గొద్దు తుమ్మొద్దు అన్నారు. దగ్గు ఎట్లా ఆపుకుంటాం బిడ్డా అని నవ్వేది ముసల్ది. ఆ తర్వాత కంటి ముందు వేలాడే ఆకుపచ్చ గుడ్డ. ఇంటికొచ్చాక చాలా రోజులు తలస్నానం లేదు, వంకాయ కూర లేదు (వంకాయ సంగతి డాక్టర్ చెప్పలేదు, మా పెద్దమ్మ చెప్పింది).

ఒక మాట. అది శివారెడ్డి గారి క్యాంపేనా అంటే గట్టిగా చెప్పలేను. మా వైపు ఏ కంటి డాక్టర్ వచ్చినా "శివారెడ్డి డాక్టరు వచ్చిండు" అనేవాళ్ళు.

లెక్కల_మాస్టారు:
అందరూ ఆయన్ని దేవుణ్ణి చేసేముందు ఒక లెక్క. రెండున్నర లక్షల్ని 40 ఏళ్ళకు పంచితే ఏడాదికి 6,250. ఆదివారం, పండగ అని చూడకుండా రోజుకు 17. ఒక్క మనిషి చేతి మీదే ఇదంతా జరిగిందా, లేక ఆయన టీమ్ చేసినవి కూడా కలిపారా? తప్పు పట్టడం లేదు, అడుగుతున్నానంతే.

ఓటీ_రిటైర్డ్:
మాస్టారూ, మంచి ప్రశ్నే. నేను ఆయన దగ్గర పనిచేయలేదు, కానీ ఆ కాలం క్యాంపులు లోపలి నుంచి చూసినవాణ్ణి. రోజుకు 17 అనేది సగటు. క్యాంపు రోజున ఆ లెక్క పనికిరాదు. పక్కపక్కనే రెండు బల్లలు వేస్తాం. ఒక బల్ల మీద సర్జన్ పని అవుతుండగానే రెండో బల్ల మీద మనిషికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కన్ను శుభ్రం చేసి సిద్ధంగా ఉంచుతాం. ఆయన ఇటు తిరిగితే చాలు. అప్పటి పద్ధతిలో శుక్లం పట్టిన కంటి లెన్సుని దాని చుట్టూ ఉండే సంచితో సహా మొత్తం బయటికి లాగేసేవాళ్ళు, లోపల కొత్త లెన్సు పెట్టే పని లేదు. చెయ్యి తిరిగిన సర్జన్‌కి నిమిషాల పని. కాబట్టి అంకె అసాధ్యమేమీ కాదు. కాకపోతే ఆ వేగం వెనక కట్లు కట్టే నర్సులు, స్టెరిలైజర్ దగ్గర తెల్లార్లూ నిలబడే కుర్రాళ్ళు, భోజనాలు చూసుకునే ఊరి పెద్దలు, లయన్స్ క్లబ్బు లాంటివాళ్ళు ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ అవార్డులోనూ రావు.

గోదారి_గట్టు:
కళ్ళద్దాల సంగతి ఎవరూ ఎత్తలేదేం? లెన్సు తీసేశాక +10 పవర్ సోడాబుడ్డి అద్దాలు కావాలి. మా తాతగారు అవి పెట్టుకున్న కొత్తలో మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చెయ్యి గ్లాసు దాకా వెళ్ళకుండా ఇవతలే ఆగిపోయేది. అన్నీ పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి మరి. మెట్టు దిగాలంటే హడలు. పక్కల నుంచి ఏం వస్తోందో తెలిసేది కాదు. జారిపోకుండా తాడు కట్టి తల వెనక ముడేసేవారు. ఒకసారి అద్దం పగిలింది, కొత్తవి వచ్చేదాకా ఆయన మళ్ళీ గోడ పట్టుకునే నడిచారు. ఎన్ని ఆపరేషన్లు జరిగాయో అంకెలు చెప్తాయి గానీ, అద్దాలు పగిలినవాళ్ళ లెక్క ఎవరు రాశారు?

అయినా నాకు కోపం లేదండోయ్. అసలేమీ కనపడని మనిషికి మనవరాలి మొహం కనపడింది. అది ఊరికే వచ్చిందా?

అనామిక77:
మా బంధువుల్లో ఒకావిడకి వేరే ఎవరో పెట్టిన క్యాంపులో చీము పట్టి కన్ను పోయింది. పేర్లు అనవసరం. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే క్యాంపు ఎత్తేశారు, అడగడానికి మనిషి లేడు. అందుకే బళ్ళల్లో, సత్రాల్లో కోయడం ఆపించి, ఊళ్ళో పరీక్షలు మాత్రం చేసి ఆపరేషన్‌కి ఆసుపత్రికే తీసుకెళ్ళాలనే పద్ధతి తెచ్చారు. 2018లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కంటి వెలుగు కార్యక్రమంలో కూడా ఊళ్ళల్లో చేసింది పరీక్షే. నా ఉద్దేశంలో ఇదే సరైన దారి. ఆ రోజుల్లో జిల్లాల్లో కంటి ఆపరేషన్ థియేటర్లు ఎన్నున్నాయని, అందుకే క్యాంపులు తప్పలేదు, ఒప్పుకుంటా.

కేసీ_కెనాల్:
@అనామిక77 ఒప్పుకోవాల్సిన మాటే. ఇంకో సంగతి, క్యాంపుల హడావుడిలో నేత్రనిధి మరుగున పడుతోంది. సరోజినీదేవిలో టి.ఎల్. కపాడియా ఐ బ్యాంకు 1964లో శివారెడ్డి గారు పెట్టిందే. నన్నడిగితే క్యాంపుల కన్నా అదే గట్టి పని, ఎందుకంటే కత్తి పట్టడం ఒకెత్తు, చనిపోయినవాళ్ళ ఇంటికెళ్ళి కళ్ళు ఇమ్మని అడగడం ఇంకొకెత్తు. అది కూడా ఆ రోజుల్లో!

మెహిదీపట్నం_మామ:
ఈ రోజుల్లో మాత్రం ఏం తక్కువ? మా నాన్నవి ఇద్దామంటే మా మేనత్త అడ్డం తిరిగింది, వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడని. అమ్మే గట్టిగా నిలబడింది. వచ్చినతను అరగంటలో పని ముగించాడు, తీసింది పైపొర మాత్రమే, మొహం ఎప్పటిలాగే ఉంది. తెలియనివాళ్ళ కోసం: ఆరు గంటల్లోపు తీయాలి, ఈలోగా రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాన్ ఆపేయండి. శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళూ, షుగర్ ఉన్నవాళ్ళూ ఇవ్వొచ్చు.

కొత్త_మెంబర్:
టాపిక్ మారుస్తున్నా, సారీ. మా అమ్మకి శుక్లం అన్నారు. ముదిరేదాకా ఆగాలా? చలికాలమే మంచిదంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

ఓటీ_రిటైర్డ్:
ముదరడం, చలికాలం రెండూ క్యాంపుల నాటి మాటలమ్మా. ఇప్పుడు లోపల లెన్సు పెట్టి చాలామందిని ఆ రోజే ఇంటికి పంపుతున్నారు. మరీ ముదిరితేనే కష్టం. షుగర్, బీపీ చూపించి తీసుకెళ్ళండి. మళ్ళీ చూపించుకోవడానికి ఏ రోజు రావాలో ముందే అడిగి రాసుకోండి.